జ్వరం మళ్లీ తిరగబెట్టింది, మందు పనిచేయలేదా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 38 ఏళ్లు. మూడు నెలల క్రితం మా చూడిగేదె ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ నేనే ఉత్త చేతులతో లాగాను. కొన్నాళ్లకు సాయంత్రమైతే జ్వరం, చెమటలు, నడుంనొప్పి. రక్తపరీక్షలో బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు సోకే క్రిమి) అన్నారు. రెండు రకాల మాత్రలు 15 రోజులు వాడితే తగ్గింది, మానేశాను. జ్వరం మళ్లీ మొదలైంది. గేదెకూ ఇదే మందు వేయించాలా?

జవాబు: మందు పనిచేసింది కాబట్టే జ్వరం తగ్గింది. మధ్యలో మానేయడంతో తిరగబెట్టి ఉంటుంది. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది. అందుకే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడాలి. జ్వరం మొదటి రెండు వారాల్లోనే పోయినా సరే.

అలాగని మిగిలిన మాత్రలు మీ అంతట మీరే మొదలుపెట్టకండి. నడుంనొప్పి ఉందన్నారు. వెన్నుపూసకు పట్టి ఉంటే మూడు నెలలు వాడాల్సి రావచ్చు. వెన్నుకు వచ్చే టీబీ కూడా ఇలాగే ఉంటుంది. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా కాబట్టి అది కాదని ముందే తేల్చుకోవాలి. శ్రీకాకుళం వెళ్లినా, బరంపురం వెళ్లినా పాత చీటీలు, రిపోర్టులు పట్టుకెళ్లండి. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుంది, టెన్షన్ పడకండి. కళ్లు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి. డాక్సీసైక్లిన్ గ్లాసుడు నీళ్లతో వేసుకోండి, పాలతో వద్దు. వేసుకోగానే పడుకుంటే గొంతులో పుండు పడుతుంది.

ఇక గేదె సంగతి. మీకిచ్చే మందు దానికి వేయించకండి. పశువుల్లో ఈ క్రిమి పొదుగులో, గ్రంథుల్లో తిష్ఠ వేస్తుంది, ఇంజెక్షన్లతో నమ్మకంగా పోదు. పశువుల డాక్టరుతో రక్తపరీక్ష చేయించి, అందాకా విడిగా కట్టండి. నష్టమొస్తుందని సంతకు తోలితే ఈ జ్వరం ఇంకో ఇంటికి పోతుంది, దయచేసి ఆ పని చేయకండి. పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగండి. పచ్చిపాలు, జున్నుపాలు పిల్లలకు రుచికైనా పెట్టొద్దు. ఈసారి మాయ పడితే గ్లవుజులు వేసుకుని తీసి, కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పశువుల సాల వైపు పంపకండి.

పెయ్యదూడలుంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. 2019 నుంచి కేంద్ర పథకం కింద ఉచితంగా వేస్తున్నారు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి సిబ్బందితోనే వేయించాలి.

మీతోపాటు ఆ పాలు తాగినవాళ్లలో, పాలు పితికినవాళ్లలో ఎవరికైనా జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే వాళ్ల రక్తం కూడా అదే రోజు పరీక్ష చేయించండి.