చీటీలో "వద్దు" అని వస్తే దేవుడు వద్దన్నట్టేనా?

ప్రశ్న: మేడమ్, నాకు బెంగళూరులో జాబ్ వచ్చింది, అమ్మకేమో పంపడం ఇష్టం లేదు. దేవుణ్ణే అడుగుదాం అని "వెళ్లు", "వద్దు" అని రెండు చీటీలు రాసి వెంకటేశ్వరస్వామి పటం ముందు వేసి తమ్ముడి చేత తీయించింది, "వద్దు" వచ్చింది. నాకు వెళ్లాలనే ఉంది. చిన్నప్పట్నుంచి రోజూ దండం పెట్టుకునేదాన్ని, ఇప్పుడు వెళ్తే దేవుడి మాట కాదన్నట్టా? అన్నీ ఆయనే నిర్ణయిస్తే మన ఇష్టం ఎందుకు, ఈ దండాలెందుకు?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తల్లీ, ముందు ఆ చీటీల సంగతి చూద్దాం. రాసింది మీ అమ్మ, రాసినవి రెండే. "ఆర్నెల్లు చూసి నచ్చకపోతే వచ్చెయ్", "మొదటి నెల అమ్మ కూడా తోడొస్తుంది" అనే చీటీలు అక్కడ లేవు కదా, మనం రాయని మాటని దేవుడు ఎక్కణ్ణుంచి తీసిస్తాడు చెప్పు? అందుకే దాన్ని దేవుడి తీర్పని నేననుకోను, అది మీ అమ్మ భయం.

ఇంక నీ పెద్ద ప్రశ్న. గీతలో 18వ అధ్యాయం 61వ శ్లోకం చూడు, ఈశ్వరుడు అందరి గుండెల్లో ఉండి యంత్రం ఎక్కినవాళ్ళని తిప్పినట్టు తిప్పుతున్నాడు అంటాడు కృష్ణుడు, అది చదివితే మన చేతిలో ఏం లేదనిపిస్తుంది, కానీ రెండు శ్లోకాలు దాటగానే 63లో "యథేచ్ఛసి తథా కురు" అంటాడు, చెప్పిందంతా బాగా ఆలోచించుకుని నీకెలా ఇష్టమైతే అలా చెయ్యమని. అంత బోధ చేసి కూడా నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు, నాకు గీత మొత్తంలో బాగా ఇష్టమైన మాట అదే.

శ్రీవైష్ణవుల్లోనూ ఈ వాదన వందల ఏళ్ళు నడిచింది. వాళ్ళలో వడగలై, తెంగలై అని రెండు శాఖలున్నాయి. వడగలై వాళ్ళు కోతిపిల్లని చూపిస్తారు, పిల్లే తల్లిని గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వాళ్ళు పిల్లికూన అంటారు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మర్కట న్యాయం, మార్జాల న్యాయం అనేది వీటినే. నేను మాత్రం కోతిపిల్ల వైపే. గజేంద్రుడు కూడా మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడి, ఇంక ఒంట్లో శక్తి లేదన్నాకే కదా పిలిచింది, పోతన గారి గజేంద్రుడైతే అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడుతూనే పిలిచాడు.

నా మటుకు నాకు దీపం పెట్టి పది నిమిషాలు కూర్చుంటే మనసులో గాభరా తగ్గి ఏది భయమో ఏది కోరికో విడివిడిగా కనపడుతుంది, ఆ తర్వాత లేచి చెయ్యాల్సింది నేనే. నువ్వూ అలా కూర్చో, తర్వాత హాస్టల్ ఎక్కడ, ఆఫీసుకి ఎంత దూరం, నైట్ షిఫ్టులు ఉన్నాయా అన్నీ కనుక్కుని అమ్మ దగ్గరికి వెళ్లు. చీటీ మాట ఎత్తకు, "నీకు దేనికి భయంగా ఉందమ్మా" అని అడుగు.

ప్రశ్న: దేవుణ్ణి నమ్మనివాళ్ళ బతుక్కి ఒక లక్ష్యం ఉండదని మా మావయ్య అంటాడు. నిజమేనా?
- డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: బాబూ, నేను నమ్మేదాన్నే అయినా మీ మావయ్య మాట ఒప్పుకోను. ఆయనకి గోరా గారి గురించి చెప్పు. గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు, అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు పెట్టించారు. దేవుడి ఊసే ఒప్పుకోని ఈయనా, రోజూ ప్రార్థన చేసే గాంధీ గారూ కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. గోరా గారు పెద్దమ్మాయిని దళిత కుర్రాడికిచ్చి చేస్తానంటే, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి తనే దగ్గరుండి జరిపిస్తానన్నారు గాంధీ గారు. గాంధీ గారు పోయాక, 1948లో, పెళ్లి అక్కడే జరిగింది.