మేనేజ్‌మెంట్ వీలాన్ మార్చగానే స్విచ్ పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతోంది, ఆటో రోల్‌బ్యాక్ ఆపేయొచ్చా?

ఆపేయొద్దండి, ముందు ఆ మాట చెప్పేస్తున్నా. మీరు రాసినదాన్ని బట్టి తిరుపతిలో ఇంటి నుంచే చిత్తూరు బ్రాంచిలోని క్లౌడ్ స్విచ్‌కి (ఇంటర్నెట్ మీద నుంచి నడిపే స్విచ్) మేనేజ్‌మెంట్ వీలాన్, అంటే స్విచ్‌ని నడిపే మాటలు పోయే నెట్‌వర్క్ భాగం, 1 తీసేసి 50 పెట్టారు, డాష్‌బోర్డులో స్విచ్ ఎర్రగా అయింది, పది పదిహేను నిమిషాలకు దానంతటదే పాత సెట్టింగ్‌తో లేచింది, రెండోసారి చేసినా అంతే. స్విచ్‌లో లోపమేమీ లేదు. అది వెనక్కి వెళ్లకపోయి ఉంటే మీరు ఈపాటికి బస్సెక్కి ఉండేవారు.

నేనుండేది తిరుపతి, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నెట్‌వర్క్ చూస్తాను. రోల్‌బ్యాక్ లేని పాత స్విచ్‌లు ఉన్న రోజుల్లో ఒక్క కమాండు తప్పు కొడితే చాలు, చంద్రగిరి, పూతలపట్టు మీదుగా దాదాపు 70 కిలోమీటర్లు బండి మీద పోయి స్విచ్‌కే నేరుగా కన్సోల్ కేబుల్ గుచ్చాల్సిందే. రాత్రి పదకొండుకు బయల్దేరి తెల్లవారి ఇల్లు చేరిన రోజులున్నాయి. అందుకే ఈ ఫీచర్ అంటే నాకు అంత గౌరవం.

లోపల జరిగేది ఇదీ. కొత్త కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల మూట) అందుకోగానే స్విచ్ పాతదాన్ని పక్కన దాచుకుని, కొత్తదానితో క్లౌడ్‌ని పలకరించగలుగుతున్నానా అని చూసుకుంటుంది. గడువులోపు పలకరింపు కుదరకపోతే పాతదాన్నే మళ్లీ ఎక్కించుకుంటుంది. గడువు కంపెనీని బట్టి మారుతుంది. జూనిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ (మనం మళ్లీ ఖాయం చేయకపోతే వెనక్కి వెళ్లే కమాండు) అని కొడితే, మనం వేరే అంకె ఇవ్వనంతవరకు 10 నిమిషాలు. క్లౌడ్ లేని సిస్కో స్విచ్‌ల మీద మేం పని మొదలుపెట్టే ముందు రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల్లో రీబూట్ అవ్వమనే కమాండు) కొట్టుకునేవాళ్లం, లైన్ తెగినా పది నిమిషాలకు రీబూటై సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ కూడా ఇదే ఆలోచన.

అంటే మీ కేసులో వీలాన్ 50 నుంచి స్విచ్‌కి క్లౌడ్ అందడం లేదు, వెతకాల్సింది అక్కడ. పై స్విచ్ ట్రంక్‌లో (చాలా వీలాన్‌లు కలిసి పోయే లైన్) 50ని అనుమతించారా, ఆ వీలాన్‌కి డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచేది) ఉందా, అది డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రసు చెప్పేది) సరిగ్గా ఇస్తోందా, ఇవన్నీ చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికిపోయేది మాత్రం ఫైర్‌వాల్ దగ్గర: ఐపీ వస్తుంది, గేట్‌వే పింగ్ అవుతుంది, కానీ ఆ కొత్త సబ్‌నెట్‌కి (ఆ వీలాన్ ఐపీల గుంపు) బయటికి పోయే రూల్ గానీ న్యాట్ (లోపలి ఐపీలను పబ్లిక్ ఐపీగా మార్చేది) గానీ ఎవరూ రాసి ఉండరు. సులువైన పరీక్ష ఒకటుంది. మేనేజ్‌మెంట్ జోలికి పోకుండా ఖాళీ పోర్టు ఒకటి వీలాన్ 50లో వేసి, అక్కడున్న అబ్బాయిని ల్యాప్‌టాప్ గుచ్చమనండి. ఐపీ వచ్చి ఏదో ఒక సైటు తెరుచుకుంటేనే స్విచ్ వీలాన్ మార్చండి.

ఇంకో సంగతి. స్విచ్ వెనక్కి వెళ్లినా డాష్‌బోర్డులో మీరు రాసిన తప్పు అలాగే ఉండిపోవచ్చు. నాకు ఒకసారి అలాగే అయింది. స్విచ్ లేచింది కదా అని ఊపిరి పీల్చుకుని, వేరే పోర్టుకి పేరు మార్చి సేవ్ చేశాను, దాంతోపాటు పాత తప్పు కూడా మళ్లీ వెళ్లి స్విచ్ మళ్లీ పడిపోయింది. కాబట్టి లేవగానే మొదట డాష్‌బోర్డులో వీలాన్ 1 పెట్టేయండి, మిగతా పనులు తర్వాత. గడువు నడుస్తుండగా టెన్షన్ పడి అక్కడివాళ్లతో పవర్ తీయించకండి. వానల్లో ఫైబర్ తెగినా, ఇంటర్నెట్ అదే సమయానికి పోయినా మంచి కాన్ఫిగ్ కూడా వెనక్కి పోతుంది, ముందు లైన్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

అలాగని రోల్‌బ్యాక్ ఉంది కదా అని ధైర్యంగా ఏదిపడితే అది మార్చకండి. అది చూసేది క్లౌడ్ అందుతోందా లేదా, అంతే. తోతాపురి సీజన్లో ఒకరోజు మధ్యాహ్నం పోర్టుల వీలాన్‌లు సర్దుతూ కాటా గదిలోని కంప్యూటర్ పోర్టుని కెమెరాల వీలాన్‌లో వేసేశాను. డాష్‌బోర్డులో స్విచ్ పచ్చగానే ఉంది, రోల్‌బ్యాక్‌కి కారణమే లేదు. అక్కడేమో కాటా మీద కాయల ట్రాక్టరు నిలబడి ఉంది, తూకం తెర మీద కనిపిస్తోంది, స్లిప్పు మాత్రం ప్రింటు కావడం లేదు. వెనక గేటు దాటి రోడ్డు దాకా ట్రాక్టర్లు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "అన్నా, కాయ ఎండలో ఉంది, రైతులు అరస్తా ఉండారు" అన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. సరిచేయడానికి పట్టింది రెండు నిమిషాలే, ఆ రైతులు ఎండలో నిలబడింది నలభై నిమిషాలు. అప్పటి నుంచి పోర్టులు మారిస్తే కాటా గదికి, గేటుకి, ఆఫీసుకి ఫోన్ చేసి అన్నీ పనిచేస్తున్నాయా అని అడిగాకే ల్యాప్‌టాప్ మూస్తాను.

పై స్విచ్ ట్రంక్ పోర్టు సెట్టింగ్, ఫైర్‌వాల్‌లో 50 సబ్‌నెట్‌కి రాసిన రూల్, రెండింటి ఫోటోలు పెట్టండి. పాస్‌వర్డులు, పబ్లిక్ ఐపీ కనిపించకుండా చెరిపేయండి. చూసి చెప్తాను.