చైనా ఎదిగితే చైనా షేర్లూ పెరగాలి కదా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా బావగారి అబ్బాయి ఫర్నిచర్ కొనడానికి చైనాలోని ఫోషాన్ వెళ్లొచ్చాడు. అక్కడి రోడ్లు, రైళ్లు చూస్తే కళ్లు తిరిగాయట. "పిన్నీ, రిటైర్మెంట్ డబ్బులో ఐదు లక్షలు చైనా షేర్ల ఫండ్‌లో పెట్టు" అని ఒకటే పోరు. పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి కళ్లారా చూసింది నిజమే. కానీ దేశం ఎదగడం వేరు, ఆ దేశపు షేర్లు కొన్నవాళ్లకి డబ్బు రావడం వేరు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే రోజుల నుంచీ నేను మొత్తుకుంటున్న మాట ఇది. ప్రొఫెసర్ జే రిట్టర్ 1900 నుంచి 2002 దాకా 16 దేశాల లెక్కలు తీశారు. తలసరి ఆదాయం వేగంగా పెరిగిన దేశాల్లో షేర్ల రాబడి ఎక్కువ లేకపోగా, తక్కువ వైపే మొగ్గింది.

ఇక చైనా. షాంఘై షేర్ మార్కెట్ సూచీ 2007 అక్టోబరులో 6,124 తాకింది. 2025 చివర్లో కూడా 4,000 చుట్టుపక్కలే ఉంది. అదే కాలంలో దేశ జీడీపీ డాలర్లలో ఐదు రెట్లు పెరిగింది!

ఎందుకిలా? ఫ్రాంక్లిన్ ఆలెన్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు 2000–2018 లెక్కలు పట్టి చూశారు. చైనా లోపలి మార్కెట్లో నమోదైన కంపెనీల షేర్లు బయట నమోదైన చైనా కంపెనీల కంటే, ఇతర దేశాల షేర్ల కంటే తక్కువ ఇచ్చాయి. ఇంకో సంగతి: చైనాలోనే మార్కెట్‌కి రాని అదే తరహా కంపెనీలకి వీటికంటే ఎక్కువ నగదు మిగిలింది. అంటే లోపం దేశంలో కాదు, మార్కెట్‌లోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని బయటికి పంపిస్తారు అన్నదాంట్లో ఉంది.

చాలాకాలం అక్కడ ఐపీవోకి, అంటే కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మి మార్కెట్లోకి రావడానికి, నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, లాభాల చరిత్ర చూపాలి. కొత్త కంపెనీలకి అది గట్టి అడ్డంకి. చైనా ఇంటర్నెట్ దిగ్గజాల్లో టెన్సెంట్ 2004లో హాంకాంగ్‌లో, అలీబాబా 2014లో న్యూయార్క్‌లో నమోదయ్యాయి. లోపలేమో, క్యూలో నిలబడలేనివాళ్లు నమోదైన చిన్న కంపెనీని కొని దాని పేరు మీద మార్కెట్లోకి దూరేవారు. దాంతో సరైన వ్యాపారం లేని కంపెనీకి కూడా ఆ నమోదు కోసమే ధర పలికేది. లియు, స్టాంబా, యువాన్ అనే ఆర్థిక పరిశోధకులు 2019లో చైనా షేర్ల మీద వేసిన పరిశోధనా పత్రంలో ఈ కారణంగానే అట్టడుగు 30 శాతం చిన్న కంపెనీలని లెక్కలోంచి తీసేశారు. 2023 నుంచి నమోదు పద్ధతి మారింది, మంచిదే. ఫలితం తేలడానికి టైం పడుతుంది.

ఇంకో సంగతి కూడా చూడండి. ఒక కంపెనీ లాభం 100 రూపాయలు, షేర్లు 10. షేరుకి 10 రూపాయలు. కొన్నేళ్లకి లాభం 200 అయింది, కానీ కొత్త షేర్లు అమ్మి మొత్తం 20 చేశారు. పేపర్లో "లాభం రెట్టింపు" అని వస్తుంది. మీ షేరుకి మాత్రం అదే 10 రూపాయలు.

ప్రభుత్వం మాట మార్చే రిస్కు కూడా తక్కువేం కాదు. 2021 జులైలో స్కూలు పాఠాల ట్యూషన్ కంపెనీలు లాభం చేసుకోకూడదన్నారు. న్యూయార్క్‌లో ఆ షేర్లు రోజుల్లో కుప్పకూలాయి.

కాబట్టి ఐదు లక్షలు వద్దమ్మా. పోయినా నిద్ర పట్టేంత చిన్న మొత్తమైతే, అదీ పదేళ్లు కదపనక్కర్లేని డబ్బయితే, పెట్టుకోండి. పెట్టేముందు ఆ ఫండ్ చేతిలో ఏ కంపెనీలున్నాయో ఫ్యాక్ట్‌షీట్ (ఫండ్ వివరాల పత్రం) తెచ్చి చూడమని ఆ అబ్బాయికే చెప్పండి. ఈటీఎఫ్ (షేరులా మార్కెట్లో కొని అమ్మే ఫండ్) అయితే మార్కెట్ ధరని అసలు విలువ, అంటే ఎన్ఏవీతో పోల్చండి. మన ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టే డబ్బుకి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది నిండినప్పుడు కొత్త యూనిట్లు పుట్టవు, ఉన్నవాటికే గిరాకీ పెరిగి ధర విలువని దాటిపోతుంది. అలాంటప్పుడు ఆ అబ్బాయి ఎంత తొందరపెట్టినా కొనకండి.