సూడోమోనాస్ పోసినా టమాటా నారు కుళ్లు ఎందుకు ఆగలేదు: సమాధానం

అన్నా, పలమనేరులో మీ నారుమడికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు పోసి, మర్నాడే సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా ఉన్న పొడి) పోసినా కుళ్లు ఆగలేదని రాశారు. తేడా అక్కడే వచ్చింది. రాగి బూజునే కాదు, ఆ బాక్టీరియానూ చంపుతుంది. రెంటికీ మధ్య కనీసం 15 రోజుల ఎడం ఉండాలి.

ఇంకో సంగతి. ప్యాకెట్‌లోని పొడి నేరుగా మందులా పనిచేయదు. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ ముందు వేరును పట్టుకుని, వేరు వదిలే చక్కెరలు, ఆమ్లాలు తింటూ పెరగాలి. గుంపు చిక్కబడ్డాకే కణాల మధ్య సంకేతాలు అంది, డయాసిటైల్‌ఫ్లోరోగ్లూసినాల్ లాంటి విషాలు తయారవుతాయి. కుళ్లు తెచ్చే పిథియం అనే బూజు కణాలను ఆ విషం దెబ్బతీస్తుంది. పైగా ఈ బాక్టీరియా పయోవెర్డిన్ అనే పసుపుపచ్చ పదార్థంతో మట్టిలోని ఇనుమును ముందే లాగేసుకుంటుంది, బూజుకు మిగలనివ్వదు. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. కాబట్టి కాండం మొదట్లో నీరుకారి, దారంలా సన్నబడి వాలిన మొక్కను ఏ బాక్టీరియా లేపలేదు. వాటిని పీకి దూరంగా పారేయండి.

ఈసారి విత్తేముందే కిలో విత్తనానికి ఈ పొడి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెట్టండి. మొలిచాక లీటరు నీటికి 10 గ్రాములు కలిపి, సాయంత్రం పూట, తడి మట్టిలో వేళ్ల దగ్గర పోయండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు. ప్యాకెట్ మీద తయారీ తేదీ తప్పక చూడండి. ఎండలో పెట్టిన పాత సరుకులో బతికున్న కణాలు తక్కువే. మడి ఎత్తుగా కట్టి, నీళ్లు నిలవకుండా చూస్తే సగం కుళ్లు దానంతటదే తగ్గుతుంది.