గుండె మీద అనుమానం ఉన్నప్పుడు పైలట్ మెడికల్: ఫారం కన్నా ముందు చేయాల్సిన పనులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 46, అమెరికాలో ప్రైవేటు పైలట్ సర్టిఫికేట్, వచ్చే నెల థర్డ్ క్లాస్ మెడికల్ (ప్రైవేటు పైలట్లకు కావాల్సిన వైద్య ధ్రువపత్రం) పరీక్ష. ఇంట్లో బీపీ 150/94 దాకా చూపిస్తోంది. ఈసీజీ మీద ‘ఇన్‌కంప్లీట్ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ (గుండె కుడివైపుకు విద్యుత్ సంకేతం కాస్త ఆలస్యంగా చేరడం) అని అచ్చయింది. మెట్లెక్కుతుంటే రెండు మూడుసార్లు ఛాతీ పట్టేసినట్టయింది. మెడికల్ పోతుందా?

ముందు ఆ ఛాతీ సంగతి తేల్చుకోండి. మిగతా రెండూ ఆగుతాయి గానీ ఇది ఆగదు. శ్రమపడితే వచ్చి, కూర్చుంటే తగ్గే బిగువును యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి) కాదని తేలేదాకా యాంజైనాగానే చూడాలి. వెంటనే కార్డియాలజిస్టును కలవండి. కూర్చున్నాక కూడా తగ్గకపోయినా, చెమటలు పట్టినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. తేలేదాకా విమానం నడపొద్దు. మెడికల్‌కు ఇంకా గడువున్నా, ఒంట్లో లోపం ఉందని తెలిసీ నడపకూడదని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 61.53 నిబంధన చెబుతుంది. మెడికల్ పోతుందన్న భయంతో డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయడం అన్నిటికన్నా ప్రమాదం.

ఈసీజీ మీది ఆ మాటకు కంగారు పడకండి. ఇన్‌కంప్లీట్ రైట్ బండిల్‌ను ఎఫ్‌ఏఏ మామూలు తేడాగానే లెక్కిస్తుంది. ఎడమవైపు సంకేతం పూర్తిగా ఆగే లెఫ్ట్ బండిల్ బ్లాక్ అయితే వేరు. దాని వెనుక రక్తనాళాల జబ్బు లేదని పరీక్షలతో చూపించాలి. పైగా థర్డ్ క్లాస్‌కు మామూలుగా ఈసీజీ అడగరు. ఫస్ట్ క్లాస్‌కే 35 దాటాక ఒకసారి, 40 దాటాక ఏటా కావాలి.

బీపీకి ఎఫ్‌ఏఏ పరిమితి 155/95. మీరు దాని అంచున ఉన్నారు. కొలిచే తీరు సరిగా లేకపోయినా అంకె పెరుగుతుంది: చేతికి చిన్నదైన కఫ్, నిండిన మూత్రాశయం, వేలాడే చెయ్యి, అరగంటలోపు తాగిన కాఫీ. వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు వారం పాటు రాసి పెట్టండి. అప్పటికీ ఎక్కువుంటే డాక్టరు రాసిన బీపీ మందు వేసుకోండి. బీపీ మందుల రకాల్లో ఏస్ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీలు, థయజైడ్లు, బీటా బ్లాకర్లు, కాల్షియం ఛానెల్ బ్లాకర్లు అన్నీ అనుమతి ఉన్నవే. క్లోనిడిన్, మిథైల్‌డోపా లాంటి మెదడు మీద పనిచేసేవి పనికిరావు. మందుతో బీపీ అదుపులో ఉంటే చాలావరకు ఏఎంఈ (ఎఫ్‌ఏఏ నియమించిన పరీక్ష డాక్టరు) అక్కడికక్కడే మెడికల్ ఇచ్చేస్తారు.

ఇక చాలామంది దెబ్బతినే చోటు ఇది. మెడ్‌ఎక్స్‌ప్రెస్‌లో (ఎఫ్‌ఏఏ ఆన్‌లైన్ దరఖాస్తు) ఫారం నింపి, కన్ఫర్మేషన్ నంబరు ఏఎంఈ చేతికిచ్చి, ఆయన దాన్ని తెరిచాక వెనక్కి తీసుకోలేరు. మెడికల్ ఇవ్వడం, నిర్ణయాన్ని ఎఫ్‌ఏఏకి వదిలి వాయిదా వేయడం, తిరస్కరించడం, ఈ మూడింట్లో ఒకటి జరిగి తీరాలి. తిరస్కరిస్తే బేసిక్‌మెడ్ (ఎఫ్‌ఏఏ మెడికల్ బదులు మామూలు డాక్టరు పరీక్షతో నడిపే విధానం) దారీ మూసుకుంటుంది. కాబట్టి నంబరు ఇవ్వకుండా, కేవలం సలహా కోసమని చెప్పి ఏఎంఈని ముందే కలవండి. కాగితాలు చూపించి, ఏం తక్కువయ్యాయో అడిగి తెలుసుకోండి.

కార్డియాలజిస్టు ట్రెడ్‌మిల్ పరీక్ష రాస్తే అది ఎఫ్‌ఏఏకి పనికొచ్చేలా చేయించండి. బ్రూస్ పద్ధతిలో (3 నిమిషాలకోసారి వేగం, వాలు పెంచే పరీక్ష) 3 దశలు, అంటే 9 నిమిషాలు పూర్తి కావాలి. మూడో దశలో వేగం గంటకు 5.5 కిలోమీటర్లు, వాలు 14 శాతం. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతం గుండె వేగం అందుకోవాలి. మీకైతే అది 148. కొన్ని ల్యాబుల్లో 148 తగలగానే ఆరో నిమిషంలోనే ఆపేస్తారు. అది ఎఫ్‌ఏఏకి చాలదు. నొప్పి, ఆయాసం, తల తిరగడం లేకపోతే 9 నిమిషాలు పూర్తి చేయించమని ముందే చెప్పండి. ఏది వచ్చినా మాత్రం అప్పటికప్పుడు చెప్పి ఆగిపోండి. బీటా బ్లాకర్ వాడుతుంటే గుండె వేగం పెరగదు. పరీక్షకు 24 నుంచి 48 గంటల ముందు ఆపాలా అన్నది మీ డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపితే ప్రమాదం. ఆపకూడదంటే ఎందుకో రిపోర్టులో రాయించండి.

జబ్బే తేలి స్టెంట్ వేసినా దారి మూసుకుపోదు. గుండెపోటు, చికిత్స అవసరమైన కరోనరీ జబ్బు, వాల్వ్ మార్పిడి లాంటివాటికి మామూలు మెడికల్ రాదు గానీ, 67.401 నిబంధన కింద స్పెషల్ ఇష్యూయెన్స్ (షరతులతో ఇచ్చే ప్రత్యేక మెడికల్) అడగొచ్చు. కోలుకోవడానికి కొన్ని నెలలు ఆగాలి, ఆ తర్వాత పరీక్షలు మళ్ళీ మళ్ళీ చూపించాలి. బేసిక్‌మెడ్‌కు మారాలన్నా ఈ జబ్బులకు ఒక్కసారైనా స్పెషల్ ఇష్యూయెన్స్ పొంది ఉండాలి.

ఫారంలో ఏదీ దాచొద్దు. 18వ ప్రశ్నలో గుండె, బీపీ చరిత్ర, 19లో గత 3 ఏళ్ళలో కలిసిన డాక్టర్లు అందరూ రావాలి. అబద్ధం రాస్తే 2,50,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ళ వరకు జైలు అని ఫారం మీదే ఉంటుంది. నిజం రాస్తే చాలాసార్లు వాయిదా పడటంతోనే సరిపోతుంది.

కాగితాలన్నీ ఒకేసారి పంపండి. విడివిడిగా పంపితే ప్రతి విడతకూ కొత్త నిరీక్షణే. కార్డియాలజిస్టు ఉత్తరంలో లక్షణాలు, మందుల మోతాదులు, దుష్ప్రభావాలు, పరీక్ష ఫలితాలు విడిగా రాయించండి. ‘బాగానే ఉన్నాడు’ అన్న ఒక్క వాక్యం చాలదు. ట్రెడ్‌మిల్ రిపోర్టుతో పాటు ప్రతి దశవీ, ఆగాక ప్రతి నిమిషానివీ అసలు ఈసీజీ ట్రేసింగులు కావాలి. కంప్యూటరు సగటు చేసి ఇచ్చే నమూనాలను ఎఫ్‌ఏఏ ఒప్పుకోదు. వాటిని ల్యాబులోంచి బయటికి వచ్చేటప్పుడే అడిగి చేతికి తీసుకోండి.