గోల్ఫ్ మాటలు కొత్తవాళ్లకు ఎలా ఎక్కుతాయి? ఒక పూట స్కోరు కార్డు రాసి చూడండి

శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికని విశాఖ వచ్చాను, ఆఫీసులో పెద్దవాళ్లంతా గోల్ఫ్ గురించే మాట్లాడతారు, పార్ అంటారు, బోగీ అంటారు, హ్యాండిక్యాప్ అంటారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇదీ మీ ప్రశ్న. నాకన్నా ముందు జవాబిచ్చినవాళ్లు పెద్ద పెద్ద పట్టికలు పెట్టేశారు. నేను ఆ పని చేయను. పట్టిక బట్టీ పట్టి ఆట తెలుసుకున్నవాడు నా సర్వీసు మొత్తంలో ఒక్కడూ తగల్లేదు.

నేను విజయనగరం జిల్లాలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నా ఆటలు. గోల్ఫ్ ఆడలేదు, ఆడే ఉద్దేశమూ లేదు. అయినా మీ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత ఆడేవాళ్లకన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం. ఆడేవాడి ధ్యాసంతా తన దెబ్బ మీదే ఉంటుంది. లెక్క రాసేవాడు అందరి దెబ్బలూ చూస్తాడు.

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు, అక్కడికి వెళ్లి ఏ పిల్లనైనా స్నాచ్ అంటే ఏమిటని అడగండి. నోటితో చెప్పదు, చేసి చూపిస్తుంది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆమదాలవలస వైపు ఎవరికీ ఆ అంకెను విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, అంతే. ఊళ్లో బరువులు ఎత్తుతున్నారు కాబట్టి మాటలు వాటంతటవే వచ్చాయి.

అదే గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ల పరిస్థితి చూడండి. 2021 ఆగస్టు 7, టోక్యో ఒలింపిక్స్. అదితి అశోక్ ఆఖరి రౌండ్ ఆడుతోంది. ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి, బ్యాగు మోస్తున్నది కన్నతల్లి. పొద్దున్నే టీవీ పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటాయన కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి కాసేపు చూసి, "పాపం, పిల్ల బాగా మైనస్‌లోకి ఎల్లిపోయింది మేస్టారూ, ఇంకేటి గెలుస్తాది" అని నిట్టూర్చాడు. ఆ మైనస్ వల్లే ఆమె పతకానికి అంత దగ్గరగా వచ్చిందని చెబితే నమ్మలేదు. గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇన్ని దెబ్బల్లో అయిపోవాలని ముందే పెట్టిన లెక్కే పార్. ఆ కోర్సు పార్ 71, నాలుగు రౌండ్లకు 284. అదితి 269 దెబ్బల్లో ముగించింది, అంటే 15 తక్కువ. 268 కొట్టినవాళ్లు ఇద్దరు తేలితే వాళ్లకు రజతం కోసం మళ్లీ ఆడించారు, ఓడిన అమ్మాయికి కాంస్యం. మన పిల్ల ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానం. సాయంత్రానికి నీరజ్ చోప్రా జావెలిన్ స్వర్ణం వచ్చింది, అదితి పేరు అంతటితో మాయమైపోయింది. మర్నాడు పేపర్లు చూసి నాకు ఒళ్లు మండింది. సరే, అది వేరే బాధ.

అసలు విషయానికి వస్తాను. మా అల్లుడు విశాఖలో ఒక కంపెనీలో పని చేస్తాడు. వాళ్ల మేనేజరుకు గోల్ఫ్ పిచ్చి. ఆ పిచ్చి కింది వాళ్లకూ అంటింది, అంటకపోతే ప్రమోషన్లు కష్టం కాబట్టి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక ఆదివారం తెల్లవారకముందే లేపి, "మామయ్యగారూ, ఎలాగూ వాకింగ్ చేస్తారు కదా, మాతో రండి" అన్నాడు. అక్కడికి వెళ్లాక నా చేతిలో ఒక అట్టముక్క, పొట్టి పెన్సిలు పెట్టారు. "మాస్టారు కదా, మీరే రాయండి" అన్నాడు మేనేజరు. జీవితమంతా స్కోరు షీట్లు రాసినవాడికి ఆ మాట చాలు.

కార్డు మీద 18 గళ్లు, బంతి వేయాల్సిన ఒక్కో గుంతకు, అంటే హోల్‌కు, ఒక్కో గడి. ఒక్కో గడి పక్కన 3 అనో 4 అనో 5 అనో అంకె. బ్యాగు మోసే క్యాడీ ఎస్.కోట వైపు మనిషి, నాకన్నా కాస్త చిన్నవాడు. నా ముఖం చూసి తనే చెప్పాడు: "ఈ నాలుగంటే నాలుగు దెబ్బల్లో అయిపోవాల మేస్టారూ. రెండు దెబ్బల్లో గ్రీన్ మీదకి ఎల్లాల, అక్కడ రెండు తోపుళ్లు. మూడైతే ఒక్క దెబ్బకే గ్రీన్ ఎక్కాల, ఐదైతే మూడు దెబ్బలకి. ఆ తోపుళ్లు రెండూ మాత్రం ఎప్పుడూ ఉంటాయి." గ్రీన్ అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, తోపుడంటే అక్కడ బంతిని మెల్లగా గుంత వైపు దొర్లించడం. పార్ గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాళ్లను ఏ వీడియోలోనూ చూడలేదు. వీడియోల్లో ముందు పది నిమిషాలు వాళ్ల కొత్త గ్లవ్స్ చూపిస్తారు.

ఒక పార్ 4 హోల్ దగ్గర మా అల్లుడు డ్రైవర్ తీశాడు. బ్యాగులో అన్నిటికన్నా పొడుగు కర్ర అది. ఊపు బాగానే ఉంది. బంతి కొంతదూరం తిన్నగా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు కుడివైపు తిరిగి, తెల్ల కర్రలు పాతిన చోటు దాటి పొదల్లో పడింది. కుడిచేతివాటం వాడి బంతి అలా కుడికి వంగితే స్లైస్, ఎడమకు వంగితే హుక్. కొత్తవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది స్లైసే. క్యాడీ ఆ పొదల వైపు చూడను కూడా లేదు. "ఓబీ," అన్నాడు. "హద్దు దాటిపోనాది. కొట్టిన దెబ్బ ఒకటి, జరిమానా ఒకటి. మళ్లీ ఇక్కణ్నుంచే కొట్టాల. ఇప్పుడు కొట్టేది మూడోది."

కార్డు అంచున గీతలు పెట్టుకుంటూ పోయాను. మూడో దెబ్బ తిన్నగా ఫెయిర్‌వే మీద, అంటే గ్రీన్ దాకా కత్తిరించి ఉంచిన పచ్చిక బాట మీద పడింది. నాలుగోది బంకర్ అనే ఇసుక గుంటలోకి. ఐదోదానికి ఇసుక బయటికొచ్చింది, బంతి రాలేదు. ఆరోదానికి గ్రీన్ ఎక్కింది. ఏడో దెబ్బ గుంత అంచు రాసుకుంటూ జానెడు అవతలికి పోయింది. ఎనిమిదోది లోపల పడింది.

"ఆరు వేసుకోండి మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, గ్లవ్స్ తీసుకుంటూ.

"ఎనిమిది బాబూ."

"ఆ మొదటిది పోయింది కదండీ, దాన్ని ఎవరూ లెక్కేయరు."

"పోయింది కాబట్టే రెండు లెక్క."

క్యాడీ బ్యాగు సర్దుకుంటూ కొండల వైపు చూస్తున్నాడు. అల్లుడిని నొప్పించకండి అని మా ఆవిడ ఇంటి దగ్గరే చెప్పి పంపింది. నేనూ ఆ మాట జవదాటేవాణ్ని కాదు. కానీ చేతిలో స్కోరు షీటు ఉన్నంతసేపు నాకు అల్లుడూ లేడు, బావమరిదీ లేడు. ఎనిమిదే వేశాను. అప్పుడు క్యాడీ మెల్లగా నా పక్కకు వచ్చి, "ఐదైతే బోగీ, ఆరైతే డబుల్, ఏడైతే ట్రిపుల్. అయ్యగారిది ఇంకా పైన" అన్నాడు. పార్ కన్నా ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్ అని కూడా చెప్పాడు. మూడు తక్కువైతే అల్బట్రాస్, ఉదాహరణకు పార్ 5 హోల్ రెండే దెబ్బల్లో అయిపోవడం. "బ్యాగు మోసిన ఇన్నేళ్లలో ఒక్కటీ సూణ్నేదు" అన్నాడు. ఆ పూట మా గుంపులో బర్డీ కూడా ఎవరికీ రాలేదు, కాబట్టి పై పేర్లతో నాకు పని పడలేదు. మీకూ ఇప్పట్లో పడదు. ముందు బోగీ గట్టిగా తెలుసుకోండి, రోజూ వచ్చేది అదే.

ఆ తర్వాత చూసినది మీ ఉద్యోగానికి పనికొస్తుంది. మేనేజరు బంతి గుంతకు రెండు బారల దూరంలో ఆగింది. ఆయన కర్ర ఆనించుకుని నిలబడి అటూ ఇటూ చూశాడు. వెంటనే ముగ్గురూ కలిసి "గుడ్ సార్, గుడ్ సార్" అన్నారు. ఆయన బంతి తీసి జేబులో వేసుకున్నాడు. దీన్ని గిమ్మీ అంటారు, ఎలాగూ పడుతుంది కదా అని వదిలేయడం. హోల్ హోల్‌కీ గెలుపు తేల్చుకునే మ్యాచ్ ప్లేలో ఎదుటివాడు అలా వదిలేయవచ్చు. మొత్తం దెబ్బలు కూడే స్ట్రోక్ ప్లేలో మాత్రం బంతి గుంతలో పడి తీరాలి. ఇదేమిటని క్యాడీని గొంతు తగ్గించి అడిగితే, "రూలు ఏరు, ఆదివారం ఏరు మేస్టారూ" అన్నాడు. మా అల్లుడి బంతి అరచేతి దూరంలో ఉన్నా గుడ్ అన్నవాడు లేడు.

ఆటలో హోదా చొరబడటం మా ఊరికి కొత్త కాదు లెండి. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు విజయనగరం మహారాజకుమార్, మా విజ్జీ, కెప్టెన్. మూడు టెస్టుల్లో ఆయన కొట్టింది మొత్తం 33 పరుగులు. ఆయన పేరున్న స్టేడియం చుట్టూ పొద్దున్నే నడిచే నా మిత్రులతో ఈ మాటంటే ఇప్పటికీ గొడవే.

ఇక హ్యాండిక్యాప్. మేనేజరుది 24 అన్నారు. పార్ 72 కోర్సులో ఆయన 96 దెబ్బలు కొట్టినా, 24 తీసేస్తే సరిగ్గా 72 అన్నమాట. కోర్సు కష్టాన్ని బట్టి చిన్న సవరణలు ఉంటాయి గానీ కొత్తలో మీకు అవి అక్కర్లేదు. గట్టివాడు, మెత్తవాడు ఒకే పందెంలో ఆడటానికి చేసిన ఏర్పాటు ఇది. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి తెచ్చారు, ఎక్కువలో ఎక్కువ 54. అంకె ఎంత చిన్నదైతే అంత మంచి ఆటగాడు. అంకె పెద్దదిగా ఉండి కూడా పందేలన్నీ గెలిచేవాడు మీ ఆఫీసులో ఉంటే ఆయనతో టిఫిను పందెం కూడా కాయకండి. కావాలని అంకెను పెంచి ఉంచుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు శాండ్‌బ్యాగర్ అని పేరు.

కర్రల నంబర్ల గురించి కూడా కంగారు పడకండి. బ్యాగులో 14కు మించి ఉండకూడదు. ఐరన్లు అనే కర్రల నంబరు పెరిగేకొద్దీ బంతి ఎత్తు పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. క్యాడీ గజాల్లో దూరం చెప్పి ఏదో ఒక నంబరు అందిస్తాడు, తీసుకుని కొట్టండి. ఆయనకు మీ చేతి బలం మీకన్నా తెలుసు. పొదల్లో పడిన బంతి కోసం మాత్రం గంటలు గంటలు తిరగకండి. ఇదివరకు ఐదు నిమిషాలు వెతకనిచ్చేవారు, 2019 నుంచి మూడే.

పీఈటీగా నా మాట ఒకటి వినండి. పార్ కన్నా ముందు నేర్చుకోవాల్సింది ఫోర్. ఎవరైనా "ఫోర్!" అని అరిస్తే ఎటునుంచో బంతి మనుషుల వైపు వస్తోందని అర్థం. అరుపు వినపడగానే కొత్తవాళ్లంతా తల తిప్పి చూస్తారు. ముఖానికి తగిలేది అప్పుడే. చేతులు తల మీద పెట్టుకుని కిందికి వంగిపోవాలి. బంతి 46 గ్రాములకు మించదు, కానీ గట్టిగా ఉంటుంది, వేగంగా వస్తుంది. పై జవాబుల్లో ఒక్కరూ ఈ సంగతి రాయలేదు. అల్బట్రాస్ గురించి మాత్రం అందరూ రాశారు!

మొత్తం నడిచేసరికి ఎండ నెత్తికెక్కింది. 18 హోళ్ల కోర్సుకు మామూలుగా వంద ఎకరాల పైచిలుకు కావాలి. ఆ పచ్చిక మీద నడుస్తుంటే నా కళ్ల ముందు మా బడి గ్రౌండే మెదిలింది. సగం అదనపు గదులకు పోయింది. మిగిలిన సగంలో మీటింగులప్పుడు బస్సులు ఆపుతారు. చక్రాల గాడులు పూడ్చుకుని ఖోఖో స్తంభాలు మళ్లీ పాతుకోవడం పిల్లల పని, నా పని.

మీరు చేయాల్సింది ఇది. వచ్చే ఆదివారం మీవాళ్లు వెళ్తున్నప్పుడు, ఆడటం రాదు గానీ కార్డు రాస్తానని చెప్పండి. ఎవరూ కాదనరు, ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. క్యాడీ పక్కనే నడవండి, ఎవరైనా కొట్టబోయేటప్పుడు కదలకండి, మాట్లాడకండి. అనుమానం వస్తే క్యాడీనే అడగండి, మేనేజర్ని అడక్కండి. చివర్లో క్యాడీ చేతిలో టీ డబ్బులకన్నా కాస్త ఎక్కువే పెట్టండి. నీళ్ల సీసా, టోపీ తీసుకెళ్లండి. చాలా చోట్ల కాలరు లేని టీషర్టు వేసుకుంటే రానివ్వరు. నేను వేసుకెళ్లింది బడిలో ఆగస్టు పదిహేనుకు కుట్టించిన తెల్ల కాలరు బనీను, కాబట్టి గేటు దగ్గర నన్ను ఎవరూ ఏమీ అనలేదు.