తొలి ఐవీఎఫ్... డాక్టరు చూసుకునేవి కొన్ని, మీ ఇద్దరూ చూసుకోవాల్సినవి కొన్ని

ప్రశ్న: నా వయసు 33. పెళ్లై ఆరేళ్లైంది. ట్యూబులు రెండూ మూసుకుపోయాయి, ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) తప్పదన్నారు. వచ్చే పీరియడ్స్ రెండో రోజున రమ్మన్నారు. నాకు ఇంజెక్షన్లంటే భయం. ఉద్యోగానికి పూర్తిగా సెలవు పెట్టాలా? అత్తగారికి చెప్పాలా, వద్దా? మావారినడిగితే ‘అన్నీ డాక్టరు చూసుకుంటారులే’ అంటారు. ఎలా సిద్ధం కావాలో చెప్పండి.

సలహా: మీ ఉత్తరం చూస్తే పని మొత్తం మీ ఒక్కరి నెత్తినే పడ్డట్టుంది. అందుకే ముందు మీవారి సంగతి చూద్దాం.

వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలల పైనే పడుతుంది. ఆయన కాల్చే సిగరెట్టు, తాగే మందు, మధ్యలో వచ్చిన తీవ్ర జ్వరం... వీటి ప్రభావం ఎగ్ పికప్ (అండాలు బయటికి తీసే) రోజున ఇచ్చే సాంపిల్‌లో కనబడుతుంది. అలవాట్లుంటే ఇప్పుడే మానాలి. మీ ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) మరీ తక్కువగా లేకపోతే, ఆయన కోసం ఒకటి రెండు నెలలు ఆగొచ్చేమో డాక్టరునే అడగండి. సాంపిల్‌కు ముందు రెండు నుంచి ఐదు రోజులు వీర్యం బయటికి పోకుండా విరామం చాలు. ఎక్కువ రోజులు ఆగితే ఇంకా బాగుంటుందనుకోవడం పొరపాటు, కణాల నాణ్యత తగ్గుతుంది. ఆ ఉదయం ఒత్తిడికి సాంపిల్ ఇవ్వలేకపోయే మగవాళ్లు చాలామందే ఉంటారు. ముందే ఒక సాంపిల్ ఫ్రీజ్ చేయించి పెట్టుకుంటే ఆ గండం గడుస్తుంది.

ఇక మీ వైపు. ట్యూబులు మూసుకుపోయాయన్నారు కదా, వాటిలో నీరు చేరిందా అని తప్పక అడగండి. ఆ నీరు గర్భాశయంలోకి కారితే పిండం అంటుకోవడం కష్టం. అందుకే అలాంటి ట్యూబును ట్రాన్స్‌ఫర్‌కు, అంటే పిండాన్ని గర్భాశయంలో పెట్టడానికి, ముందే తీసేయడమో, గర్భాశయం దగ్గర మూసేయడమో చేస్తారు. దీనిమీద స్పష్టత వచ్చాకే మొదలుపెట్టండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోవాలి. షుగరు ఉన్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా డోసు వేరు, డాక్టరు చెబుతారు. థైరాయిడ్, రుబెల్లా పరీక్షలూ ముందే కావాలి. రుబెల్లా టీకా వేయించుకోవాల్సి వస్తే నెల రోజులు ఆగాలి.

ఇంజెక్షన్ల గురించి భయపడేంత లేదు. పొట్ట చర్మం కింద కొవ్వులోకి పోయే సన్నని, పొట్టి సూది అది. బొడ్డుకు రెండంగుళాలు వదిలి, ఒకరోజు కుడివైపు, మర్నాడు ఎడమవైపు వేసుకోవాలి. పెన్ అయితే మందు పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి తీయండి, లేకపోతే చివరి చుక్కలు బయటే కారిపోతాయి. రెండో రోజున రమ్మన్నారంటే బహుశా యాంటాగనిస్ట్ పద్ధతి. అందులో అండాలను పెంచే మొదటి మందు 8 నుంచి 12 రోజులు సాగుతుంది. ఐదారు రోజులయ్యాక రెండో ఇంజెక్షన్ కలుస్తుంది. అండాలు ముందే విడుదల కాకుండా ఆపేది అదే కాబట్టి దాన్ని మరిచిపోకూడదు. ఏ డోసు తప్పినా మర్నాడు రెండింతలు వేసుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. మందు ఫ్రిజ్‌లో పెట్టాలంటే కింది అరలోనే, ఫ్రీజర్‌లో కాదు.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ట్రిగ్గర్ దగ్గర. ఫాలికల్స్ (అండాలు పెరిగే సంచులు) 17, 18 మిల్లీమీటర్లకు చేరాక అండాలను పక్వం చేసే ఒక్క ఇంజెక్షన్ ఇస్తారు, అదే ట్రిగ్గర్. దాని తర్వాత 34 నుంచి 36 గంటల్లో అండాలు తీస్తారు. రాత్రి పదిన్నర అంటే పదిన్నరే. ఆలస్యమైతే తీసే వేళకు అండం పక్వానికి రాదు, తొందరపడితే విడుదలైపోయే ప్రమాదం ఉంటుంది. అలారం మీ ఫోన్లో ఒకటి, మీవారి ఫోన్లో ఒకటి పెట్టుకోండి. మందు ఒలికిందనో, వేళ తప్పిందనో అనుమానం వస్తే దాచకుండా ఆ రాత్రే చెప్పండి, సరిదిద్దే వీలుంటుంది.

పూర్తి సెలవు అక్కర్లేదు. స్కాన్లకు కొన్ని ఉదయాలు, పికప్ రోజు, ఆ మర్నాడు ఖాళీ ఉంచుకుంటే చాలు. మత్తు ఇస్తారు గనుక ఆ రోజు బండి నడపకూడదు, ఒకరు తోడుండాలి. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచానికి అతుక్కుపోతే పిండం నిలుస్తుందన్నది ఉత్త నమ్మకం.

పికప్ తర్వాత కాస్త పొట్ట ఉబ్బడం మామూలే. కానీ బరువు రోజుకు కిలోకు మించి పెరిగినా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. అండాశయాలు అతిగా స్పందించాయని అర్థం. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అలాంటప్పుడు ఎంబ్రియోలను (పిండాలను) ఫ్రీజ్ చేసి, ట్రాన్స్‌ఫర్ తర్వాతి నెలలకు మారుస్తారు. దాన్ని వైఫల్యం అనుకోవద్దు.

అంకెలు తగ్గుతూ పోతాయని ఇద్దరూ ముందే తెలుసుకుని ఉండండి. పది అండాలు వస్తే పక్వమైనవి సుమారు ఎనిమిది, ఫలదీకరణ చెందేవి ఐదారు, ఐదోరోజు బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో పెట్టేందుకు అనువుగా పెరిగిన పిండం) దశకు చేరేవి రెండో మూడో. మీ వయసులో సాధారణంగా ఒక్క ఎంబ్రియో పెట్టించుకోవడమే క్షేమం. ‘రెండు పెడితే అవకాశం ఎక్కువ కదా’ అనే ఆశ వెనక కవలల కాన్పు, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఉన్నాయి.

అత్తగారికి చికిత్స సంగతి చెప్పండి, తేదీలు మాత్రం వద్దు. తేదీ తెలిస్తే ఫలితం రోజున మీకన్నా ముందు ఆమె ఫోన్ మోగుతుంది. చెప్పే పని మీవారిది. ఆమె ప్రశ్నలకు జవాబులూ ఆయనవే.

ట్రాన్స్‌ఫర్ తర్వాతి రెండు వారాల్లో ఇంట్లో టెస్టు చేయకండి. హెచ్‌సీజీ ట్రిగ్గర్ ఇచ్చి ఉంటే, టెస్టు పట్టేదీ ఆ హార్మోన్‌నే కాబట్టి, ఆ మందే పది, పద్నాలుగు రోజుల దాకా శరీరంలో ఉండి గీత చూపిస్తుంది. మరీ తొందరగా చేస్తే నిజంగా గర్భం ఉన్నా గీత రాకపోవచ్చు. కాస్త రక్తం కనిపించినంత మాత్రాన అయిపోయిందని ప్రొజెస్టరాన్ (గర్భం నిలబెట్టే హార్మోన్ మందు) మానేసేవాళ్లున్నారు. చెప్పిన తేదీకి రక్తపరీక్ష చేయించుకుని, ఆపమని డాక్టరు అనేదాకా వాడుతూనే ఉండండి.